హైదరాబాద్ ఇంట్లో ఫైర్‌వాల్, డాలస్‌లో మనం: బూట్ డిస్క్ ఏది పెట్టాలి?

సందేహం: అన్నా, డాలస్ వచ్చి ఆరు నెలలైంది. హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంటి కెమెరాలు ఇక్కణ్ణుంచి చూసుకోవడానికి, వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌లోకి వెళ్లే రహస్య దారి) కోసం, ఒక ఫ్యాన్‌లెస్ మినీ పీసీ కొని ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, అంటే ఇంటి నెట్‌కి కాపలా కాసేది, వేద్దామనుకుంటున్నాను. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీగా ఉంది. ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ చిన్నదే కదా, దాని మీంచే బూట్ చేస్తే సరిపోదా?

తమ్ముడూ, సరిపోతుంది. నేనూ అలాగే పెట్టాను. పధ్నాలుగు నెలలు కిక్కురుమనకుండా నడిచింది. ఆ తర్వాత వినాయక చవితి వచ్చింది.

ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, మల్కాజిగిరిలో పొద్దున ఏడు. పూజ చూద్దామని కెమెరా తెరిస్తే ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే, తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చిందని, అప్పట్నుంచి నెట్ లేదని అమ్మ చెప్పింది. ఫైర్‌వాల్ బాక్సు తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టి, సెట్‌టాప్ బాక్స్ కేబుల్ పీకి దీనికి పెట్టమన్నాను. వీడియో కాల్‌లో ఫోను అమ్మ చేతిలో ఉంది. పత్రి కడుగుతూ లేచి వచ్చిందేమో, కెమెరా మీద తడి. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్ని నాన్న ఒక్కొక్కటే చదువుతున్నాడు: "ఎన్, ఓ... నో... బూటబుల్ డివైస్ అంట." పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టమన్నాను, రెండుసార్లు. చివరికి దాన్ని కెమెరా ముందుకు తెచ్చి, "గింత ముక్కకి ఇంటికంతా నెట్ బందయిందా రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ప్రొవైడర్ ఇచ్చిన రూటర్‌కే తీగలన్నీ మార్పించేసరికి నలభై నిమిషాలు పట్టింది. పూజ అమ్మ ఫోన్‌లోనే చూశాను.

బూట్ అయ్యాక అంతా ర్యామ్‌లోనే నడుస్తుందని నేను అనుకున్నాను. నువ్వూ అదే అనుకుంటున్నావేమో. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే అలా కాదు. లాగ్‌లు (ఏం జరిగిందో రాసుకునే చిట్టా), డీహెచ్‌సీపీ లీజులు (ఇంట్లో ఏ పరికరానికి ఏ నెట్ అడ్రస్ ఇచ్చిందో), గ్రాఫుల లెక్కలు రోజంతా డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది, చిన్న చిన్న ముక్కలుగా. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ లాంటివాటిలో ఉండే ఫ్లాష్ మెమరీలో ఒక్క లైను మార్చాలన్నా ఉన్నచోటే దిద్దడం కుదరదు. పలక మీద ఒక్క అక్షరం కోసం పలకంతా తుడవాల్సి వచ్చినట్టు, చెరపడం పెద్ద బ్లాకు లెక్కన జరుగుతుంది. ఏ బ్లాకైనా ఇన్నిసార్లే తుడుపుకు ఆగుతుంది. ఎస్‌ఎస్‌డీలో (కంప్యూటర్లలో హార్డ్ డిస్క్ బదులు వాడే ఫ్లాష్ డిస్క్) కంట్రోలర్ చిప్ ఆ అరుగుదలని అన్ని బ్లాకులకీ పంచుతుంది, దాన్నే వేర్ లెవెలింగ్ అంటారు. పెన్‌డ్రైవ్‌లో ఆ పని అంతంతమాత్రం. పైగా ఎంత అరిగిందో చెప్పే మీటరు సాధారణంగా ఉండదు. పోయేరోజు దాకా బాగానే కనిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌ని ఇన్‌స్టాలర్ కోసం వాడు, తర్వాత పీకేసి పక్కన పెట్టు. మెమరీ కార్డు సంగతీ అంతే.

కొన్ని బాక్సుల్లో బోర్డు మీదే డిస్క్‌లా పనిచేసే ఈఎంఎంసీ అనే ఫ్లాష్ చిప్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ కంటే నయమే కానీ అది బోర్డుకి అతికించి ఉంటుంది, పోతే మార్చుకోలేవు. అలాంటి బాక్సు కొనేముందు లోపల ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాటో, సాటా స్లాటో విడిగా ఉందో లేదో చూడు. లేకపోతే వదిలెయ్, ఎంత చవకైనా సరే.

కాబట్టి ఎస్‌ఎస్‌డీయే. ఏది అంటే, నిజం చెప్పాలంటే పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. డబ్బా మీద వేగం అంకెలు చూడకు, ఫైర్‌వాల్‌కి అవి దండగ. చూడాల్సింది టీబీడబ్ల్యూ, అంటే మొత్తం ఎన్ని టెరాబైట్ల రాతకి కంపెనీ పూచీ ఇస్తోంది అన్నది. కింగ్‌స్టన్ ఏ400 240 జీబీకి 80, శాంసంగ్ 870 ఈవో 250 జీబీకి 150. నీ బాక్సు రోజుకి 10 జీబీ రాసిందనుకో, ఏడాదికి 3.65 టెరాబైట్లు. 80 అయిపోవడానికి కాగితం మీద ఇరవై ఏళ్లు దాటాలి. చొరబాట్లు పట్టే సురికాటా లాంటివి ఆన్ చేసి అన్నీ లాగ్ చేయమంటే ఈ లెక్క పెరుగుతుంది, అయినా సర్దుకుంటుంది. ఒకే మోడల్‌లో సైజు పెరిగేకొద్దీ టీబీడబ్ల్యూ కూడా పెరుగుతుంది. అందుకే ఫైర్‌వాల్‌కి అంత చోటు అక్కర్లేకపోయినా 240 కొనడం తప్పు కాదు. నాలుగు బిట్లు ఒకే సెల్‌లో కుక్కే క్యూఎల్‌సీ రకం వద్దు, మూడు బిట్ల టీఎల్‌సీ చాలు.

కొనడం మాత్రం హైదరాబాద్‌లోనే కొనిపించు. ఇక్కడ బ్లాక్ ఫ్రైడేకి చవగ్గా వచ్చిందని సూట్‌కేస్‌లో వేసుకెళ్తే, రేపు వారంటీకి కొన్న దేశంలోనే అడగమనే కంపెనీలున్నాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీ ఉంది కదా, అక్కడ నాన్నగారి పేరు మీద జీఎస్టీ బిల్లుతో తీసుకుంటే ఆ గొడవ ఉండదు. ఒక్క జాగ్రత్త. ఎం.2 ఎస్‌ఎస్‌డీల్లో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి, ఎం.2 అని ఊరికే అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. మా నాన్నకి "అన్నీ ఒకటే సార్" అని ఎన్‌వీఎంఈ ఇచ్చి పంపారు, మా బాక్సు స్లాటేమో సాటాది. మళ్లీ ఆటో, మళ్లీ పార్క్‌లేన్. ఎస్‌ఎస్‌డీ అంచున ఉండే బంగారు పళ్ల వరసలో రెండు చోట్ల గంటు ఉంటే సాధారణంగా సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. కానీ రెండు గంట్లున్న ఎన్‌వీఎంఈలూ ఉన్నాయి, గంటు ఒక్కటే చూసి నమ్మకు. బాక్సు మాన్యువల్‌లో ఏది రాసుందో ఆ పేజీ నాన్నగారి ఫోన్‌కి పంపు. రెండిట్లో ఏదైనా పడుతుందంటే సాటా తీసుకో. మే నెలలో ఫ్యాన్ లేని బాక్సులో అది తక్కువ వేడెక్కుతుంది.

మన ఊళ్లో డిస్కుని అరుగుదల కంటే ముందు చంపేది కరెంటు. రాస్తుండగా పవర్ పోతే సగం రాత. డేటా సెంటర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో చేతిలో ఉన్న రాత పూర్తి చేసేంత కరెంటు దాచుకునే కెపాసిటర్లుంటాయి, ఇంటికి కొనేవాటిలో సాధారణంగా ఉండవు. ఆ ఖర్చు పెట్టే బదులు ఇన్వర్టర్ వెనక్కి వెళ్లి చూడమను. చాలావాటికి యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారేందుకు పట్టే ఆ కన్నుమూసేంత సేపట్లోనే మినీ పీసీ రీబూట్ అయిపోతుంది. ఫ్యాను, లైటుకి తెలీదు కాబట్టి ఇంట్లోవాళ్లకీ తెలీదు. బాక్సు 12 వోల్టులదైతే రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ కూడా పనికొస్తుంది, ఆంపియర్లు సరిపోతాయో చూసుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతి) యూఎఫ్‌ఎస్ కాకుండా జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకో. పాత డేటా మీద కొత్తది రాయకుండా పక్కన రాసి తర్వాత మారుతుంది కాబట్టి హఠాత్తుగా పవర్ పోయినా ఫైల్ సిస్టమ్ చెడే అవకాశం తక్కువ. లాగ్‌లు ర్యామ్‌లో పెట్టే ఆప్షన్ కూడా ఉంది కానీ ఎస్‌ఎస్‌డీ ఉంటే నేనైతే పెట్టను. కరెంటు పోయిన రాత్రి ఏం జరిగిందో చెప్పే లాగ్ ఆ కరెంటుతోనే పోతుంది.

నెలకోసారి వీపీఎన్‌లోంచి వెళ్లి స్మార్ట్ రిపోర్ట్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్క, చూడు, ఓపీఎన్‌సెన్స్‌లో దానికి ప్లగిన్ ఉంది. ఎన్‌వీఎంఈ అయితే అన్‌సేఫ్ షట్‌డౌన్ల (సరిగ్గా ఆపకుండా పవర్ పోయిన సార్ల) లెక్క కూడా కనిపిస్తుంది. అది నెలనెలా పెరుగుతోందంటే ఇన్వర్టర్ సంగతి చూడమని నాన్నగారికి ఫోన్ చెయ్.

సెట్టింగులన్నీ ఒకే ఒక్క ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. మార్చినప్పుడల్లా పాస్‌వర్డ్ పెట్టి డౌన్‌లోడ్ చేసుకో, అందులో వీపీఎన్ తాళాలూ ఉంటాయి. ఈసారి వెళ్లినప్పుడు నేను రెండో ఎస్‌ఎస్‌డీ మీద కూడా అంతా ఎక్కించి, బాక్సులో పెట్టి బూట్ చేసి చూసి, చిన్న స్క్రూడ్రైవర్‌తో కలిపి కవర్లో వేసి అమ్మ బీరువాలో పెట్టొచ్చాను. కవర్ మీద "నెట్ పోతే ఇది" అని నాన్న రాశాడు. పాత పట్టు చీరల కింద ఉందట, ఇంతవరకు తీయాల్సిన పని పడలేదు.

నీ బాక్సు మోడల్ పేరు, లోపలి స్లాట్ ఫోటో పంపు. వీలైతే ఇన్వర్టర్ వెనక వైపు ఫోటో కూడా తీయించు, చూసి చెప్తాను.