నాన్నకు పెద్దపేగు క్యాన్సర్.. నాకూ వస్తుందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మా నాన్నగారికి 47 ఏళ్ల వయసులో పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, కీమోథెరపీ అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉన్నారు. మేనత్త గర్భసంచి క్యాన్సర్‌తో చనిపోయారు. మా ఇంట్లో సిగరెట్, మందు అలవాటు ఎవరికీ లేదు. ఇది నా జీన్స్‌లోనూ ఉంటే తిండి విషయంలో ఎంత జాగ్రత్తపడినా లాభం లేదా? అన్నయ్య ఆన్‌లైన్‌లో జీన్ టెస్ట్ కిట్ తెప్పిస్తానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన మేనత్తగారి సంగతి చాలా ముఖ్యం. పెద్దపేగు క్యాన్సర్, గర్భాశయం లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ ఒకే కుటుంబంలో కనిపిస్తే, అందులోనూ ఒకరికి 50 ఏళ్లలోపే వస్తే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి. కణాలు విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలులో తప్పులు దొర్లుతుంటాయి. వాటిని సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే దెబ్బతిని ఉండటమే సాధారణంగా ఈ సిండ్రోమ్‌కు మూలం. మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో దీనివల్ల వచ్చేవి సుమారు 3 శాతమే. కానీ ఉన్న ఇంట్లో మాత్రం, అమ్మాయైనా అబ్బాయైనా, ప్రతి బిడ్డకూ ఆ జన్యువు సంక్రమించే అవకాశం 50 శాతం. మేనత్తగారిది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయితే లెక్క మారుతుంది. అది ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు. పాత రిపోర్టులు వెతికించి ముందు ఈ సంగతి తేల్చుకోండి.

ఇక కిట్ సంగతి. దయచేసి ఇప్పుడే వద్దు. అలాంటి చాలా కిట్లు ఈ జన్యువుల్లోని కొన్ని మార్పులనే చూస్తాయి. ‘ఏమీ లేదు’ అని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. పరీక్ష మొదలవ్వాల్సింది మీతో కాదు, నాన్నగారితో. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను ఆస్పత్రి ల్యాబ్‌లో మైనం బ్లాకులో భద్రపరుస్తారు. ‘ఎంఎంఆర్ పరీక్ష చేశారా?’ అని ఆయన డాక్టర్‌ని అడగండి. డీఎన్‌ఏ తప్పులను సరిదిద్దే ఆ ఏర్పాటు గడ్డలో పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష ఇది. చేయకపోతే ఆ బ్లాకు మీదే ఇప్పుడూ చేయించవచ్చు. అందులో తేడా కనిపిస్తే నాన్నగారికి రక్తంతో జన్యుపరీక్ష చేస్తారు. ఆయనలో ఫలానా మార్పు ఉందని తెలిశాక మీకూ అన్నయ్యకూ సరిగ్గా దాన్నే వెతుకుతారు. అప్పుడు ‘లేదు’ అని వస్తే ఆ మాటను నమ్మవచ్చు. ఇదంతా జెనెటిక్ కౌన్సెలర్ సలహాతో జరగాలి.

లించ్ ఉన్నట్టు తేలితే, జన్యువును బట్టి, కొలనోస్కోపీలు (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చాలామందికి 20–25 ఏళ్ల నుంచే, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేస్తారు. మామూలుగా పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న బుడిపె) క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పడుతుంది, లించ్‌లో అది చాలా తొందరగా జరిగిపోతుంది. అందుకే ఈ పరీక్షను వాయిదా వేయకండి. నాన్నగారికే లించ్ లేదని తేలినా, ఆయనకు క్యాన్సర్ వచ్చిన వయసుకు పదేళ్లు ముందు, అంటే 37 ఏళ్లకు, మీరు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. తల్లికో తండ్రికో ఈ క్యాన్సర్ ఉంటే పిల్లలకు ముప్పు సుమారు రెండింతలు ఉంటుంది.

‘జీన్స్‌లో ఉంటే లాభం లేదా?’ అన్నారు. ఉంది. పొగ తాగడం, అధిక బరువు లించ్ ఉన్నవారిలోనూ ముప్పును పెంచుతాయి. ఇక లించ్ కాకుండా, అనేక చిన్నచిన్న జన్యుమార్పులు కలిసి ముప్పు పెంచేవారి సంగతి వేరు. బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందితో మొదలైన యూకే బయోబ్యాంక్ అనే ఆరోగ్య అధ్యయనం సమాచారాన్ని చూస్తే, అలాంటివారిలోనూ మంచి అలవాట్లు ఉన్నవారికి ఈ క్యాన్సర్ తక్కువగా వచ్చింది. కాబట్టి పీచు ఉన్న ఆహారం తినండి, రోజూ ఒళ్లు కదిలించండి, నడుము చుట్టూ కొవ్వు పెరగకుండా చూసుకోండి. సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది. అయితే ఏ తిండీ కొలనోస్కోపీకి బదులు కాదు. లించ్ ఉన్నవారికి ఆస్పిరిన్ మేలు చేస్తుందని పరిశోధనల్లో తేలింది గానీ, లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కనుక డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు.

ఈలోగా మలంలో రక్తం పడినా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా రక్తహీనత వచ్చినా, బరువు తగ్గినా పైల్స్ అనో గ్యాస్ అనో సరిపెట్టుకోకండి. 33 ఏళ్లకు క్యాన్సర్ ఏంటని ఎవరైనా తీసిపారేస్తే నాన్నగారి వయసు, మేనత్తగారి జబ్బు వాళ్లకు చెప్పండి.