వెండి రంగు వేసే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన మిగ్-21 యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడల్ ఫోటోలు చూశాను. కాక్‌పిట్ లోపలి పని చాలా బాగా చేశావు. కానీ ఒళ్లంతా గేటుకి వేసే సిల్వర్ పెయింట్‌లా ఉంది. ఇంకో కంపెనీ రంగు కొననా అని అడిగావు. కొనకు, తప్పు సీసాలో లేదు. లోహపు రంగు అద్దం లాంటిది, కింద ఏముంటే అదే చూపిస్తుంది. వీపు మీద అతుకు గీత ముక్కు నుంచి తోక దాకా కనబడుతోంది చూడు. పచ్చ రంగు కిందైతే అది సగం దాక్కునేది.

ముందు ఆ రంగు తీసెయ్. అక్రిలిక్కే కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి రుద్దితే వచ్చేస్తుంది. అతుకుల్లో లప్పం పెట్టకు. అది ఆరేకొద్దీ కుంగుతుంది, కొన్నాళ్లకి వెండి రంగు కింద సన్నటి పల్లంలా బయటపడుతుంది. నేనైతే ఫెవిక్విక్ పూస్తాను. గట్టిపడగానే రుద్దెయ్యాలి. మర్నాటి దాకా ఉంచితే ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, అది అరగకుండా పక్కనున్న ప్లాస్టిక్ అరిగిపోతుంది. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 800 నంబర్‌తో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా తడుపుతూ వెళ్లు. తొందరపడి మధ్యలో ఒక నంబర్ వదిలేస్తే ముందు దాని గీతలు అలాగే మిగిలిపోతాయి.

ఇది నాకు ఆటోనగర్‌లో అర్థమైంది. కారు డోర్ సొట్ట తీయించడానికి ఇచ్చి, పని అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ పెయింటర్ డోర్ వైపు చూడనేలేదు. తల పక్కకి తిప్పుకుని, అరచేతిని రేకు మీద మెల్లగా జరుపుతూ, చెయ్యి తడబడిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. పొద్దుటి నుంచి రుద్దుతూనే ఉన్నాడు, రంగు కొట్టడానికి పట్టింది పావుగంట. నువ్వు గోరుని అతుకు మీద అడ్డంగా లాగి చూడు. ఎక్కడైనా తగిలితే ఇంకా పని ఉన్నట్టే.

తర్వాత గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టు. ఇక గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మన చెమటకి వేలిముద్రలు లోహం కింద అచ్చు గుద్దినట్టు పడతాయి. దాని మీద నిగనిగలాడే నల్ల రంగు వెయ్యాలి. నాకు టామియా ఎక్స్-1 బాగా కుదిరింది. ఆరిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు, వాసన వస్తుంటే ఆరనట్టే. పూర్తిగా ఆరాక కిటికీ పక్కన నిలబడి, రెక్క ముందు న్యూస్ పేపర్ పట్టుకో. ఆ నలుపులో హెడ్డింగ్ అక్షరాలు అంచులు చెదరకుండా కనబడితే లోహానికి నేల సిద్ధమైనట్టు. మసకగా ఉంటే 2000 పేపర్‌తో మళ్లీ తడిపి రుద్ది ఇంకో కోటు కొట్టు. ఈ ఒక్క దగ్గర మాత్రం ఎన్ని రోజులు పట్టినా ఓపిక పట్టు నాన్నా.

ఇక లోహపు రంగు. ఆల్‌క్లాడ్ అయితే ఎయిర్‌బ్రష్‌లో గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ మధ్య పెట్టి, దగ్గర నుంచి, పొగ తగిలినట్టు పల్చగా కొట్టు. నలుపు ఇంకా కాస్త కనబడుతోంది, ఇంకో కోటు వేద్దామా అనిపించినప్పుడే ఆపెయ్. ఎక్కువైతే ఇసుక జల్లినట్టు అవుతుంది. ఘాటు వాసన పడకపోతే వల్లేజో మెటల్ కలర్ వాడుకో, అది నీళ్ల రంగు. మే నెల మధ్యాహ్నం మన దగ్గర రంగు మోడల్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోయి గరుకు తేలుతుంది. ముసురు రోజుల్లో కంప్రెసర్‌లో చేరిన నీళ్లు బొట్లుగా పడతాయి. పనికి ముందు ట్యాంకు నీళ్లు వదిలెయ్, గాల్లో తేమని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ తప్పకుండా పెట్టుకో. నా మంచి పనులన్నీ డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిచాక చేసినవే.

అసలు విమానం ఒకే ఛాయలో ఉండదు. నాలుగైదు ప్యానెళ్ల (రేకు పలకల) చుట్టూ టేపు కట్టి కొంచెం ముదురు అల్యూమినియం కొట్టు. అంతకు మించితే చదరంగం బల్లలా అవుతుంది. టేపుని ముందు అరచేతికి అంటించి జిగురు తగ్గించుకో. చేసే విమానం గురించి చదవడం కూడా ముఖ్యం. నా మొదటి అమెరికా యుద్ధ విమానం పీ-51 మస్టాంగ్ మోడల్‌కి రెక్కలు అద్దంలా మెరిపించాను. ఆ అసలు విమానం రెక్కల అతుకులు ఫ్యాక్టరీలోనే పూడ్చి, నున్నగా చేసి, వెండి రంగు లాకర్ పూసేవారని తర్వాత తెలిసింది. అసలు లోహం మెరుపు ఒంటికే, రెక్కలది మెత్తటి వెండి రంగు. ఆ మోడల్ చూసినప్పుడల్లా ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

నీ మిగ్ తోక గొట్టానికి వేడి మరకలు కావాలి. మీ అమ్మని మాడిన స్టీలు గిన్నె ఒకటి అడుగు, తిప్పి చూడు. సెగ బాగా తగిలిన చోట నీలం, దాని చుట్టూ ఊదా, ఆ బయట గోధుమ, చివర ఎండుగడ్డి రంగు. ఆ వరస మారదు. టామియా క్లియర్ బ్లూ, క్లియర్ ఆరెంజ్, స్మోక్ బాగా పల్చన చేసి అదే వరసలో కొట్టు. 1963 నుంచి 2025 సెప్టెంబరు దాకా మన వైమానిక దళంలో ఎగిరిన విమానం అది. ఆ మంట గుర్తులు లేకపోతే షోరూంలోంచి తెచ్చినట్టు ఉంటుంది.

పైన మ్యాట్ వార్నిష్ మాత్రం వేయకు, ఇన్నాళ్ల మెరుపూ ఒక్క కోటుతో చచ్చిపోతుంది. డెకాల్స్ (అంటించే గుర్తుల బొమ్మలు) ఉన్నంత మేర గ్లాసీ వార్నిష్ చాలు.

సంక్రాంతికి వస్తావుగా. వచ్చేటప్పుడు ఐస్‌క్రీమ్ షాపుల్లో దొరికే ప్లాస్టిక్ చెంచాలు ఓ ఇరవై పట్రా. వాటి వీపు మీద ఇద్దరం కూర్చుని నలుపు, లోహం కొట్టి చూద్దాం. మిగ్‌ని అప్పటిదాకా రంగు తీసి, సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టి ఉంచు.

మీ మావయ్య