భారీగా మంచు కురిశాక పరిసరాలు అంత నిశ్శబ్దంగా ఎందుకు అనిపిస్తాయి?

తాజా మంచు తనను తాకిన ధ్వనిని వెనక్కి పంపకుండా చాలావరకు పీల్చేసుకుంటుంది, ఆ నిశ్శబ్దానికి ప్రధాన కారణం ఇదే.

కొమ్మలు కొమ్మలుగా ఉండే మంచు స్ఫటికాలు నేల మీద ఒకదానిపై ఒకటి వదులుగా పేరుకుంటాయి. అందుకే కొత్త మంచు పొరలో సుమారు 90 శాతం గాలే. ధ్వని తరంగం ఆ సన్నని సందుల్లోకి దూరితే, లోపలి గాలి స్ఫటికాలకు రాసుకుంటూ కంపిస్తుంది. ఆ రాపిడిలో ధ్వని శక్తి అతి స్వల్పమైన వేడిగా మారిపోతుంది. రికార్డింగ్ స్టూడియో గోడలకు అతికించే స్పాంజి పలకలు చేసేదీ ఈ పనే.

కశ్మీర్‌నే చూడండి. డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల అతి తీవ్రమైన చలికాలం చిల్లయ్ కలాన్‌లో రాత్రంతా మంచు పడితే, తెల్లవారాక మనుషుల మాటలు కొద్ది దూరంలోనే అణగిపోతాయి. అదే మంచు ఎండకు కాస్త కరిగి మళ్లీ గడ్డకడితే, పైన ఏర్పడిన గట్టి పెంకు ధ్వనిని పరావర్తనం చేస్తుంది. మంచు ఊళ్లలో పెరిగి దూరమైనవారు తలచుకునే ఆ అపురూపమైన ప్రశాంతత సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులదే.

చలిగాలి ధ్వనిని మోయలేదని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు 343 మీటర్లు, సున్నా దగ్గర 331 మీటర్లు. ఈ కొద్ది తేడా వల్ల శబ్దం తగ్గదు. పైగా నేలను ఆనుకున్న గాలి పై గాలికన్నా చల్లగా ఉంటే ధ్వని కిందికి వంగి, ఇంకా దూరం వినిపిస్తుంది. వాహనాలు ఆగిపోవడం కూడా నిశ్శబ్దాన్ని పెంచుతుంది, నిజమే. కానీ వాహనాలే తిరగని అడవిలోనూ తాజా మంచు శబ్దాన్ని ఇలాగే అణచివేస్తుంది.