మిషినైతే దానికి కండ్లుండవు గదా!

ప్రశ్న: మాది తిరుపతి. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. వయసు 66. నా భార్యకు పక్షవాతం వచ్చి ఏడాదిన్నర అయింది. కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, తెలివి మాత్రం బాగానే ఉంది. అన్నీ మంచంలోనే. నేనే శుభ్రం చేస్తాను. ఏళ్ల తరబడి కొండ బస్సుల్లో తిరుగుతూ ఘాట్ మలుపుల్లో వాంతులు కడిగినవాణ్ణి, నాకు అసహ్యం లేదు. ఆమే గోడవైపు తిరిగి ఏడుస్తుంది. "ఏం పాపం చేసినానో, మొగుని చేత ఈ పన్లు చేపించుకుంటా ఉండా" అంటుంది. ఆయమ్మను పెడదామంటే పరాయి మనిషి వద్దంటుంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి "రెండేళ్లు ఓపిక పట్టు నాయనా, రోబోలు వస్తున్నాయి, ఎంతైనా కొంటా" అంటున్నాడు. అది విన్నప్పటి నుంచి ఆమె కూడా "మిషినైతే మేలు, దానికి కండ్లుండవు గదా" అంటోంది. నాకు నడుము నొప్పి ఎక్కువైంది. ఈమధ్య ఆమెను విసుక్కుంటున్నాను కూడా. రోబో కోసం ఎదురుచూడమంటారా?

జవాబు: ఎదురుచూడొద్దండీ. ఆమెను లేపి, కడిగి, తుడిచి, బట్ట మార్చే రోబో రెండేళ్లలో మీ ఇంటికి వస్తుందని నేను నమ్మను. మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, ఆశపడుతున్నాడు. కానీ ఆ ఆశను నమ్ముకుని మీ నడుము పోగొట్టుకోకండి.

ఈ అవసరం జపాన్‌కు మనకంటే ముందే వచ్చింది. అక్కడి రికెన్ పరిశోధన సంస్థ 2015లో రోబేర్ అనే రోబోను చూపించింది. ఎలుగుబంటి ముఖం, రెండు పెద్ద చేతులు. మంచం మీది మనిషిని ఎత్తి చక్రాల కుర్చీలోకి మార్చడానికి చేశారు. దాని బరువే 140 కిలోలు. అది ప్రయోగంగానే ఉండిపోయింది, ఇళ్లలోకి రాలేదు. నొప్పికి ఒళ్లు బిగబట్టే మనిషిని ఎత్తడమే అంత కష్టమైతే, కడగడం ఇంకెంత కష్టం! తుడుస్తున్నప్పుడు నడుము కింద చర్మం ఎర్రబడిందని మీ చేతికి తెలుస్తుంది. పడక పుండు అక్కడే మొదలవుతుంది. పడుకున్నచోటే మలమూత్రాలను పీల్చి, నీళ్లతో కడిగే యంత్రాలు జపాన్‌లో ఉన్న మాట నిజమే. వాటిని ఒంటికి సరిగా అమర్చడానికీ, నిండిన తొట్టి పారబోయడానికీ మళ్లీ ఒక మనిషి కావాలి.

మిషినుకు కండ్లుండవని అమ్మగారు అనుకుంటున్నారు. ఉంటాయి. 2025లో వన్‌ఎక్స్ అనే కంపెనీ నియో అనే ఇంటిపని రోబోను 20,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దానికి చేతగాని పని వచ్చినప్పుడు, ఎక్కడో కూర్చున్న ఒక ఉద్యోగి దాని కెమెరాల్లోంచి చూస్తూ చేయిస్తాడు. ఈ సంగతి ఆమెకు తప్పకుండా చెప్పండి. ఆమె ఏ చూపుకు సిగ్గుపడుతోందో ఆ చూపు అందులోనూ ఉంది, పైగా ముఖం తెలియని మనిషిది.

రోబోలంటే నాకు వ్యతిరేకత లేదు. కొన్నిచోట్ల ఇంకా ముందే రావాల్సిందని బాధపడతాను. మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి విషవాయువుకు ఊపిరాడక చనిపోతున్నాడు. మనిషిని అలా ప్రమాదకరంగా దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చాక కూడా ఆ చావులు ఆగలేదు. మనిషికి బదులుగా దింపడానికి కేరళ కుర్రాళ్ల జెన్‌రోబోటిక్స్ 2018లో బాండికూట్ రోబోను తెచ్చింది. అది ఊరూరికీ రావాలి. అది మనిషి చేయనే కూడని పని. మీ ఇంట్లో పని అలాంటిది కాదు. కానీ మీ భార్య తన ఒంటిని కూడా ఆ మురుగు లెక్కలోనే వేసుకుంటోంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

మా అమ్మకు చివరి రోజుల్లో నేనే చేశాను. శుభ్రం చేస్తున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉండేది. నిద్రనుకునేదాన్ని. సిగ్గని అర్థమయ్యేసరికి ఆమె లేదు. మీకు ఇప్పుడే తెలిసింది కాబట్టి చెబుతున్నాను.

మీ నడుముకు కావాల్సిన యంత్రాలు ఇప్పుడే దొరుకుతాయి. చేత్తో పంపు కొడితే మనిషిని బట్ట ఊయలలో పైకి లేపే పేషెంట్ లిఫ్ట్, ఎత్తు మార్చుకునే మంచం, గాలి పరుపు. గాలి పరుపు ఉన్నా పక్కకు తిప్పడం మానకూడదు. రోబోకు దాచే డబ్బు వీటికి పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. ఆయమ్మ జీతం కూడా అతన్నే ఇవ్వమనండి. ఆమెను ముందు వంటకూ, కబుర్లకూ రానివ్వండి. నెల తిరిగేసరికి పరాయిదనం తగ్గుతుంది. సాయంత్రం గంటసేపు ఆమె ఇంట్లో ఉంటే మీరు కపిలతీర్థం దాకా నడిచి రండి. మీరు విసుక్కోవడం చెడ్డతనం కాదు, అలసట. అబ్బాయి నెలకు రెండు శనివారాలు బస్సెక్కి రావాలి. వచ్చి, తల్లి పక్క మార్చాలి. చూడలేకే రోబో మాట ఎత్తుతున్నాడని నా అనుమానం. ఒకసారి చేస్తే ఆ భయం సగం పోతుంది.

ఇక అసలు విషయం. కుడి చేయి పడిపోయిందన్నారు. అంటే ఎడమ చేయి ఉంది. మనం కడుక్కునేది ఆ చేత్తోనే కదా! ఏడాదిన్నరగా ఆమెను ఆ పని ఎవరూ చేయనివ్వలేదేమో. మీ ఊళ్లోని బర్డ్ ఆస్పత్రిలోనో, స్విమ్స్ ఆస్పత్రిలోనో ఫిజియోథెరపీ వాళ్లకు చూపించి, ఆసరాతో ఎంతసేపు కూర్చోగలదో, మంచం నుంచి కమోడ్ కుర్చీలోకి ఎలా మార్చాలో నేర్చుకోండి. పక్కన పట్టుకునే చేతులు, నడుముకు బెల్టు ఉన్న కుర్చీ కొనండి. పొద్దున కాఫీ తాగాక పేగులు కదులుతాయి. రోజూ అదే వేళకు, కాఫీ అయిన పావుగంటకు, కూర్చోబెట్టండి. కొన్ని వారాలకు ఒళ్లు ఆ వేళకు అలవాటు పడొచ్చు. మంచం పాడవడం తగ్గుతుంది.

మొదట్లో పక్కనే ఉండండి. పడిపోదని ఫిజియో చెప్పాక, హ్యాండ్ షవర్ ఆమె ఎడమ చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, మీరు బయట నిలబడండి. పిలిస్తే వినిపించేంత దగ్గరలో.