ద్రాక్ష మాత్రం వద్దమ్మా

చిరంజీవి చిన్నికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కుక్కపిల్ల ఫొటోలు చూశాను. ఆ చెవులు అచ్చం మన కుక్క బ్రౌనీవే. నువ్వు ఏ పండు తింటున్నా వచ్చి ఒళ్లో మూతి పెడుతోందని, పెట్టొచ్చా అని అడిగావు. పెట్టొచ్చు. ముందు పెట్టకూడనివి చెబుతాను.

ద్రాక్ష ఒక్కటి కూడా వద్దు. పచ్చవైనా, నల్లవైనా, గింజల్లేనివైనా అంతే. వాటివల్ల కుక్కల కిడ్నీలు దెబ్బతింటాయి. ఒక కుక్క గుప్పెడు తిన్నా బాగానే ఉంటుంది, ఇంకోదానికి కొన్ని పళ్లకే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఎంతవరకు పర్వాలేదన్న లెక్క లేదు. ద్రాక్షలోని టార్టారిక్ యాసిడ్ దీనికి కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు చెప్పారు. మన చింతపండులోనూ అదే ఎక్కువ. కాబట్టి పులిహోర, పులుసు కలిపిన అన్నం దానికి పెట్టకు. పులుసులో ఉల్లిపాయ కూడా ఉంటుంది, అదీ కుక్కలకు చెడే.

మన ఇళ్లలో ద్రాక్ష కంటే కిస్‌మిస్‌తోనే ఎక్కువ భయం. పరమాన్నంలో, సేమ్యాలో, లడ్డులో ఉంటుంది. పండగపూట చుట్టాల పిల్లలు ముద్దుచేస్తూ పెట్టేస్తారు. వాళ్లకు ముందే చెప్పు, మొహమాటపడకు.

ఒకవేళ తినేస్తే, హుషారుగానే ఉంది కదా అని ఆగొద్దు. వాంతులు మొదలై, నీరసపడి, మూత్రం తగ్గేసరికి చాలా ఆలస్యమైపోతుంది. వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఎన్ని తింది, ఎప్పుడు తింది చెప్పు. వాంతి చేయించాలా వద్దా ఆయన చూసుకుంటారు. నువ్వు ఇంట్లో ఉప్పునీళ్లు పట్టొద్దు, అది వేరే ప్రమాదం.

ఇక మామిడి. కండ మంచిదే, టెంకే ప్రమాదం. బ్రౌనీకి ఏం జరిగిందో నీకు తెలియదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. ఒక వేసవిలో నూజివీడు రసాలు తిని టెంకలన్నీ పెరటి తొట్టెలో వేశాను, మూత పెట్టలేదు. బ్రౌనీ రెండు రోజులు అన్నం ముట్టలేదు, తాగిన నీళ్లు కూడా కక్కేసింది. స్కాన్ తీస్తే పేగులో టెంక అడ్డం పడి ఉంది. ఆపరేషన్ చేసి తీశారు. బతికింది గానీ, కుట్లు మానేదాకా అది నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తప్పు నాది. అప్పటినుంచి మా ఇంట్లో టెంకలు మూత ఉన్న డబ్బాలోకే వెళ్తాయి.

రేగుపండు, నేరేడు, సపోటా, సీతాఫలం గింజలతోనూ ఇంతే జాగ్రత్త. సీతాఫలం గింజల్లో విషం కూడా ఉంది. అవి ఒలిచి పెట్టే ఓపిక మనకుండదు, అసలు పెట్టకపోవడమే నయం.

యాపిల్ గింజలూ మధ్య భాగమూ తీసేసి పెట్టు. పుచ్చకాయ ఎర్రటి కండ ఒక్కటే, తొక్కా గింజా లేకుండా. అరటిపండు రెండు చక్రాలు. బొప్పాయి, మామిడి తొక్క తీసి చిన్న ముక్కలు. కుక్కలు నమలకుండా మింగేస్తాయి, అందుకే ముక్క నీ వేలి గోరంతే ఉండాలి. కొత్త పండైతే ఒక్క ముక్క పెట్టి మర్నాటిదాకా చూడు. విరేచనాలు అయితే ఇంకెప్పుడూ పెట్టకు.

చిరుతిళ్లన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. పండూ అందులోకే వస్తుంది. పండులో చక్కెర ఉంటుంది తల్లీ, ప్రేమకొద్దీ పెడితే ఒళ్లు పెరిగిపోతుంది. జ్యూసులు, డబ్బా పళ్లు, ఐస్‌క్రీములు అసలొద్దు.

వేసవి సెలవులకు దాన్ని కూడా తీసుకురా. తోట నుంచి రసాలు వచ్చే రోజులు. నా చేత్తో ముక్క కోసి పెడతాను.

మీ పెద్దమ్మ