వర్చువల్ మెషీన్ (వీఎం)లో ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగితే ఏం చేస్తావని అడిగారట... ఇంకో కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తున్నాను. మా బిడ్డ నల్గొండలో బీటెక్ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉండి లైనక్స్, క్లౌడ్ కోర్సు నేర్చుకుంది. మొన్న ఇంటర్వ్యూలో ‘వర్చువల్ మెషీన్‌లో ఆటోమేటిక్ ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు?’ అని అడిగారట. ‘మళ్లీ మొదటి నుంచి చేస్తాను సార్’ అన్నదట. సెలెక్ట్ కాలేదు. ఇప్పుడు డెవాప్స్ కోర్సుకు 45 వేలు కట్టాలంటోంది. కట్టమంటారా?

జవాబు: ఇప్పటికైతే కట్టకండి. డెవాప్స్ అంటే సాఫ్ట్‌వేర్ తయారీని, సర్వర్లు నడిపే పనిని కలిపి చూసుకోవడం. మీ బిడ్డకు తక్కువైంది కోర్సు కాదు. క్లాసులో సార్ చెప్పినట్టు చేస్తూ పోతే అన్నీ సాఫీగా అయిపోతాయి. చెడిపోయినప్పుడు ఎక్కడ చూడాలో అలా తెలియదు. అది ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీద పైసా ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చు.

ముందు విషయమేమిటో మీకు చెబుతాను. ఒక కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసే ఇంకో కంప్యూటర్ వర్చువల్ మెషీన్. పెద్ద కంపెనీల్లో ఇవి వందల్లో ఉంటాయి. ఒక్కోదాని ముందు కూర్చుని భాష ఏది, డిస్క్ ఏది, పాస్‌వర్డ్ ఏది అని నొక్కుతూ పోతే తెల్లారిపోతుంది. అందుకే జవాబులన్నీ ముందే ఒక ఫైల్‌లో రాసి పెడతారు. మీ మిల్లు నుంచి లారీ కదిలేటప్పుడు సరుకు ఎక్కడ దించాలో, ఎవరికి అప్పజెప్పాలో కాగితం రాసి డ్రైవర్ చేతికిస్తారు కదా, ఇదీ అంతే. లారీ చేరలేదంటే మీరు వెంటనే ఇంకో లారీ పంపరు, ఎక్కడ ఆగిందో ఫోన్ చేసి కనుక్కుంటారు. ఇంటర్వ్యూ చేసినాయన వినాలనుకున్నది ఆ మాటే.

ఇక్కడి నుంచి మీ బిడ్డకు చూపించండి.

అమ్మా, ‘మళ్లీ చేస్తాను’ అంటే రెండోసారీ అక్కడే ఆగుతుంది. జవాబుల ఫైల్ ఇన్‌స్టాలర్‌కు అందనే లేదా, అందాక మధ్యలో ఆగిందా, ఇన్‌స్టాల్ అయిపోయి స్టార్టప్ స్క్రిప్ట్ (మెషీన్ ఆన్ కాగానే దానంతటదే నడిచే కమాండ్ల ఫైల్) నడవలేదా? ముందు ఇది తేల్చుకో. ఒక్కోదానికి చూడాల్సిన చోటు వేరు.

స్క్రీన్ మీద భాష ఎంచుకోమని అడుగుతూ కూర్చుందంటే ఫైల్ అందలేదన్నమాట. ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ పద్ధతి ఉంది. ఆ ఫైల్‌ను చిన్న ఐఎస్ఓగా (సీడీకి బదులు వాడే డిస్క్ ఫైల్‌గా) ఇస్తే దాని లేబుల్ ‘సీఐడేటా’ అనే ఉండాలి. అందులో యూజర్-డేటాతో పాటు మెటా-డేటా ఫైల్ కూడా పెట్టాలి. అది ఖాళీగా ఉన్నా పర్లేదు, అసలు లేకపోతేనే ఇబ్బంది. ఫైల్ అందినా ‘కంటిన్యూ విత్ ఆటోఇన్‌స్టాల్?’ అని అడిగి ఆగిందంటే బూట్ చేసేటప్పుడు కెర్నెల్ లైన్‌లో (లైనక్స్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే ఆదేశాల వరుసలో) ‘ఆటోఇన్‌స్టాల్’ అనే పదం ఇవ్వలేదని అర్థం. పొరపాటున ఎవరి డిస్కూ చెరిగిపోకుండా పెట్టిన అడ్డు అది.

రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా లైనక్స్‌లలో ఈ ఫైల్‌ను కిక్‌స్టార్ట్ అంటారు. ఇన్‌స్టాలర్ పేరు అనకొండ. ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేది డిస్క్ పేరు దగ్గర. నెట్‌లో దొరికిన ఫైల్‌లో ‘ఎస్‌డీఏ’ అని ఉంటుంది. లైనక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎంలో వర్ట్ఐఓ రకం డిస్క్ ఇస్తే దాని పేరు ‘వీడీఏ’ అవుతుంది. లేని డిస్క్‌ను అడిగితే అనకొండ అక్కడే ఆగిపోతుంది. ఆ సమయంలో టీఎంపీ ఫోల్డర్‌లోని అనకొండ లాగ్, స్టోరేజ్ లాగ్ తెరువు. ఇన్‌స్టాలర్ ఏం చేసిందో రాసుకునే ఫైళ్లవి. కేఎస్ వ్యాలిడేటర్ అనే టూల్ ఫైల్‌లో రాత తప్పుల్ని పట్టిస్తుంది గానీ, నీ మెషీన్‌లో ఆ డిస్క్ ఉందో లేదో చెప్పలేదు. అన్నట్టు, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక మళ్లీ మొదటికొస్తుంటే కంగారు పడకు. బూట్ ఆర్డర్‌లో ఐఎస్ఓ ముందుంది, దాన్ని తీసేయ్.

అసలు తలనొప్పి స్టార్టప్ స్క్రిప్ట్‌లతో. క్లౌడ్ మెషీన్లలో ఈ పని ఎక్కువగా క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. దాని ఫైల్ మొదటి లైన్ ‘#క్లౌడ్-కాన్ఫిగ్’. ముందు హ్యాష్ గుర్తు ఉంది కాబట్టి ఉత్త కామెంటే అనుకుని చాలామంది చెరిపేస్తారు. అది పోతే కింద ఎంత చక్కగా రాసినా ఆ ఫైల్‌ను క్లౌడ్-ఇనిట్ గుర్తుపట్టదు. ఆ ఫైల్ రాసే పద్ధతి యామల్ కాబట్టి ట్యాబ్‌తో లైన్లు జరపకూడదు, స్పేస్‌లే వాడాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ అయితే ప్రతి లైన్ చివర కంటికి కనపడని అక్షరం ఒకటి చేరి ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని వస్తుంది. వార్ లాగ్ ఫోల్డర్‌లో క్లౌడ్-ఇనిట్‌కు రెండు లాగ్‌లుంటాయి. నీ కమాండ్లు ఏం ప్రింట్ చేశాయో ‘అవుట్‌పుట్’ అని పేరున్న దాంట్లో దొరుకుతుంది. ముందు అదే చూడు.

తప్పు సరిచేసి రీబూట్ చేశాక కూడా ఏమీ మారకపోతే? అక్కడే కొత్తవాళ్లకు పిచ్చెక్కుతుంది. క్లౌడ్-ఇనిట్ ఫైల్‌లో ‘రన్‌సీఎండీ’ కింద రాసిన కమాండ్లు మామూలుగా ఆ మెషీన్ మొదటి బూట్‌లోనే నడుస్తాయి. ‘క్లౌడ్-ఇనిట్ క్లీన్’ కొట్టి రీబూట్ చేస్తే మళ్లీ మొదటిసారిగా లెక్కేసుకుంటుంది. చేత్తో నడిపితే పనిచేసే స్క్రిప్ట్ బూట్ అప్పుడు నడవకపోవడానికి కారణాలు వేరే: అప్పటికి నెట్‌వర్క్ వచ్చి ఉండకపోవచ్చు, నువ్వు లాగిన్ అయినప్పుడు ఉండే పాత్ సెట్టింగ్‌లు (కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేవి) ఉండవు, ‘యెస్ ఆర్ నో’ అని అడిగితే జవాబిచ్చే మనిషీ ఉండడు.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ చాలు, ఒకసారికి ఒక వీఎం నడుపు. వర్చువల్‌బాక్స్, ఉబుంటు సర్వర్, రాకీ లైనక్స్ అన్నీ ఉచితమే. వీఎం అసలు స్టార్టే కాకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేయి. తర్వాత పైన చెప్పిన తప్పులు కావాలని చేసి చూడు. స్క్రీన్ మీద ఏం వచ్చింది, ఏ లాగ్‌లో ఏ లైన్ పట్టిచ్చింది, ఏం మారిస్తే నడిచింది అని రాసుకుని ఫైళ్లతో సహా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టు. రెజ్యూమెలో ‘క్లౌడ్ మీద మంచి అవగాహన’ అన్న లైన్ తీసేసి ఈ లింక్ ఇవ్వు. మళ్లీ అదే ప్రశ్న వస్తే ‘ముందు వీఎం స్క్రీన్ (కన్సోల్) చూస్తాను సార్, ప్రశ్న అడుగుతుంటే ఫైల్ అందలేదు, ఎర్రర్ చూపిస్తుంటే లాగ్ తెరుస్తాను’ అని మొదలుపెట్టు. ఆ తర్వాత వాళ్లే నిన్ను ముందుకు అడుగుతారు.

మళ్లీ మీకు రెండు మాటలు. ఫ్రెషర్లకు దొరికేవి లైనక్స్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్ ట్రైనీ లాంటి ఉద్యోగాలు. ఎక్కువ హైదరాబాద్‌లోనే, నైట్ షిఫ్టులు తప్పకపోవచ్చు. ఇంట్లో ఆ మాట ఇప్పుడే మాట్లాడుకోండి. నల్గొండలో 2023లో ఐటీ టవర్ మొదలైంది, అక్కడి కంపెనీల్లోనూ రెజ్యూమె ఇచ్చి రమ్మనండి. సర్టిఫికెట్ కావాలంటే రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్ఏ మంచిది. అది పూర్తిగా సిస్టమ్ మీద చేసి చూపించాల్సిన పరీక్ష, కాబట్టి చేయి తిరిగాకే ఫీజు కట్టండి.

ఇంత చేశాక కూడా డెవాప్స్ కోర్సు కావాలంటే ముందు డెమో క్లాసుకు మీరూ వెళ్లండి. ‘ల్యాబ్‌లో ఇన్‌స్టాలేషన్ చెడగొట్టి పిల్లలతో బాగు చేయిస్తారా?’ అని అడగండి. దానికి జవాబివ్వకుండా ప్లేస్‌మెంట్ గ్యారంటీ గురించి మాట్లాడితే డబ్బులు జేబులోనే ఉంచుకుని మిర్యాలగూడ బస్సెక్కండి.