పడవ ఇంజను అమ్మి కోచింగ్‌కు పంపాలా?

ప్రశ్న: మాది అంతర్వేది. అగ్నికులక్షత్రియులం, సముద్రంలో వేటే ఆధారం. అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ రెండో ఏడాది, తెలుగు మీడియం. డాక్టరవుతానంటోంది. పడవ ఇంజను అమ్మి విజయవాడ కోచింగ్‌కు పంపమంటారా?

జవాబు: అమ్మకండి. వైద్య ప్రవేశ పరీక్ష నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, ఇంజను మళ్లీ కొనగలరా? మొదటిసారి ఇంటి నుంచే రాయనివ్వండి.

720 మార్కుల్లో 360 బోటనీ, జువాలజీలవే. వాటికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పేజీ వదలకుండా చదవాలి. పల్లె పిల్లలను ముంచేది ఫిజిక్సు. రాజోలులోనో అమలాపురంలోనో మంచి మాస్టారు దొరికితే ఆ ఒక్కదానికి డబ్బు పెట్టండి. ఆదివారాలు గడియారం ఎదురుగా పెట్టుకుని మూడు గంటల్లో 180 ప్రశ్నలు చేయమనండి. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఊహించి జవాబు పెట్టే అలవాటు అక్కడే మానాలి.

దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే చెల్లేది ఇంగ్లీషే. అందుకే పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ రావాలి.

ఇక మీ పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ 61 రోజులు పత్రాల కోసం మీ ఊరి సచివాలయం చుట్టూ తిరగండి. మీ బీసీ-ఏ పత్రంతో రాష్ట్ర కోటాలో 7 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. 15 శాతం అఖిల భారత కోటాకు అది చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఆదాయ పరిమితి దాటని బీసీ కుటుంబమనే) పత్రం వేరే తీసుకోవాలి. చాలామంది తల్లిదండ్రులు రెండూ ఒకటేననుకుని కౌన్సెలింగ్ రోజుల్లో పరుగులు పెడతారు. ఆధార్‌లోనూ పదో తరగతి మార్కుల జాబితాలోనూ ఇంటిపేరు అక్షరాలు కలుస్తున్నాయా, ఈ రోజే పక్కపక్కన పెట్టి చూడండి.

తమిళనాడులో ప్రభుత్వ బడి పిల్లలకు 2020 నుంచి 7.5 శాతం సీట్లు విడిగా ఇస్తున్నారు. మన దగ్గరా అడగవలసిన విషయమే, కానీ మీ అమ్మాయికి అంతవరకు ఆగే వీలు లేదు.

ఫలితాలు రాగానే 'ప్రభుత్వ కాలేజీలోనే సీటు' అంటూ ఎవరో ఫోన్ చేస్తారు. 2023లో మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు కళాశాలల్లో కొన్ని సీట్లను సెల్ఫ్ ఫైనాన్స్ కింద పెట్టారు. వాటికి అప్పుడు నిర్ణయించిన ఫీజు ఏడాదికి 12 లక్షలు. బోర్డు ప్రభుత్వానిదే, బిల్లు మాత్రం మీది. ఆప్షన్ పెట్టేముందు కన్వీనర్ కోటాయేనా (ర్యాంకును బట్టి ప్రభుత్వ ఫీజుతో ఇచ్చే సీటేనా) అని చూసుకోండి.

మార్కులు వచ్చాక సబ్జెక్టుల వారీగా నాకు పంపండి. కోచింగ్ మాట అప్పుడు చూద్దాం.